ఒక రోజు కాగితం

“నీకు తెలుసు. తెలిసే చెప్పడం లేదు,” అన్నాడు తనిఖీ ఆయన, టీ కప్పు చేతిలోనే పట్టుకుని.

“తెలిస్తే మీకు చెప్పనా?” అంది టీచరమ్మ.

“చెప్పవు. పదకొండేళ్ళుగా బళ్ళో పిల్లల మాట ఒక్కటన్నా ఇంట్లో చెప్పావా?”

“వాళ్ళు ఊళ్ళో పిల్లలు. ఇది మన పిల్ల.”

“నేనూ అదే అంటున్నా. మన పిల్ల కాబట్టి ఇంకా గట్టిగా దాస్తున్నావు.”

టీచరమ్మ పొయ్యి వైపు తిరిగి, అవసరం లేకపోయినా మంట తగ్గించింది. ఈ గొడవ సోమవారం సాయంత్రం మొదలైంది. ఇవాళ గురువారం. రోజుకు రెండుసార్ల చొప్పున ఇవే మాటలు నడుస్తున్నాయి. మొగుడూ పెళ్ళాల్లో ఒక్కరూ కొత్త మాట కలపడం లేదు.

తనిఖీ ఆయనది తూనికలు, కొలతల శాఖలో ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా దుకాణం దుకాణం తిరిగి త్రాసులు పరీక్షిస్తున్నాడు. త్రాసు సరిగ్గా ఉందంటే ఆయనకు అనుమానం ఇంకాస్త పెరుగుతుంది. ఇంట్లోకి చక్కెర పొట్లం వచ్చినా ఒకసారి చేత్తో తూచి చూసి గానీ డబ్బాలో పొయ్యనివ్వడు. అలాంటి మనిషి కూతురు నాలుగు రోజులుగా నోరు విప్పడం లేదు. భార్యేమో ‘నాకేం తెలియదు’ అంటోంది. ఇక ఆయన ఎవరిని నమ్మాలి?

“కాస్త గొంతు తగ్గించండిరా. పిట్ట లేచింది,” అంది కిటికీ పక్కన కూరగాయలు తరుగుతున్న పెద్దావిడ. ఆయన తల్లి. చెవులు సరిగ్గా వినపడవని ఇంట్లో అందరికీ చెబుతుంది గానీ, ఆవిడకు వినపడకుండా ఆ ఇంట్లో మూత తీసి గిన్నె ముట్టుకున్నవాళ్ళు లేరు.

పిట్ట అంటే వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. పదిహేడేళ్ళది. పిట్ట కొంచెం, కూత ఘనం అని నానమ్మ ముద్దుగా పెట్టిన పేరు. ఇప్పుడు ఆ కూతే కరువైంది.

రేపు సాయంత్రం నాలుగింటికల్లా బడిలో ఆఖరి తరగతి పిల్లలంతా ఎంపిక పత్రం ఇచ్చెయ్యాలి. ఆ తర్వాత చదువు ఏమిటి, ఏ ఊళ్ళో, ఏ కాలేజీలో అన్నది అందులో రాయాలి. ఇచ్చాక మార్చుకోవడం లేదు. తోటి పిల్లల ఇళ్ళలో ఆ పత్రం చుట్టూ నలుగురు కూర్చుని తగువులాడుకుంటున్నారు. పిట్ట మాత్రం దాన్ని సంచిలోంచి బయటికి తియ్యలేదు.

విచిత్రమేమిటంటే, ఊళ్ళో ఏ ఇంట్లో ఈ తగువు వచ్చినా తల్లిదండ్రులు పరుగెత్తేది టీచరమ్మ దగ్గరికే. బడిలో ఆమె పని అదే. పాఠాలు చెప్పదు. బడి తర్వాత ఏం చెయ్యాలో తోచని పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడుతుంది. పిల్లలు ఆమెను ‘దారుల టీచర్’ అంటారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందని పెద్దావిడ మంగళవారమే అనేసింది. పైకి కాదు, చిక్కుడుకాయలతో అన్నట్టుగా అంది. టీచరమ్మకు వినపడింది.

పిట్ట సంచి తగిలించుకుని వంటగది గుమ్మంలోకి వచ్చింది. జడ బిగించి కట్టింది, బూట్లు వేసేసుకుంది. నిలబడే పాలు తాగింది.

“పత్రం నింపావా?” అడిగింది టీచరమ్మ.

“నింపాను.”

“ఒకసారి చూపిస్తావా?”

“సాయంత్రం చూపిస్తాను. అందరికీ.”

“ఇప్పుడైతే ఏం?”

“సాయంత్రం అన్నాను కదమ్మా.”

తనిఖీ ఆయన భార్య ముఖంలోకి చూశాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారేమోనన్నది ఆయన అనుమానం. టీచరమ్మ అత్తగారి వైపు చూసింది. నానమ్మకు ముందే చెప్పిందేమోనన్నది ఈమె అనుమానం. పెద్దావిడ మాత్రం కత్తిపీట మీదినుంచి కళ్ళెత్తలేదు.

గ్లాసు కడిగి బోర్లించి, వెళ్ళబోతూ పిట్ట ఆగింది.

“అమ్మా, నా కవరు నీ బీరువాలోనే ఉందిగా?”

“ఉంది.”

“పై అరలోనేనా?”

“పై అరలోనే. ఎందుకు?”

“ఊరికే,” అని వెళ్ళిపోయింది. మెట్లు దిగుతున్న బూట్ల చప్పుడు చివరిదాకా వినపడింది.

“ఏ కవరు?” అన్నాడు తనిఖీ ఆయన.

“బడిది,” అంది టీచరమ్మ.

“చూశావా? మళ్ళీ దాచావు,” అన్నాడాయన. ఈ ఒక్క వాక్యం మాత్రం కొత్తది.

*

ఆ కవరు కథ ఇది.

టీచరమ్మ పిల్లల్ని ‘ఏమవుతావు?’ అని అడగదు. అడిగితే పక్కింటివాళ్ళు ఏం చెబుతారో అదే చెబుతారని ఆమెకు మొదటి ఏడాదే తెలిసొచ్చింది. “ఐదేళ్ళ తర్వాత ఒక మామూలు రోజు రాసుకురా. పండగ కాదు, పెళ్ళి కాదు. లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఉత్త రోజు,” అంటుంది. డాక్టరు అవుతానని తిరిగే కుర్రాడు పేజీ నిండా రాసుకొస్తే అందులో కారు ఉంటుంది, మేడ ఉంటుంది, ఒక్క రోగి ఉండడు. అప్పుడు ఇద్దరూ కిటికీ ముందు బల్ల మీద పక్కపక్కన కూర్చుంటారు. ఎదురెదురుగా కూర్చుంటే పిల్లలు అబద్ధాలు చెబుతారని ఆమె నమ్మకం. కాగితం కలిసి చదువుకున్నాక దాన్ని కవరులో పెట్టి అంటిస్తారు. అంటించిన చోట పిల్లలే అడ్డంగా సంతకం చేస్తారు. బడి వదిలి వెళ్ళే రోజున వాళ్ళ చేతికే ఇస్తారు. ఈలోగా తల్లికీ తండ్రికీ, హెడ్‌మాస్టరుకు కూడా దాన్ని తెరిచే హక్కు లేదు.

పోయినేడు కలప అడితీ యజమాని ఒకాయన తన కొడుకు కాగితం చూపించమని వచ్చి కుర్చీ మీద కొట్టి మరీ అరిచాడు. “మీరు తెరిస్తే అది మీ అబ్బాయి కాగితం కాదు, మీ కాగితం అవుతుంది,” అని ఆయన్ని తలుపుదాకా సాగనంపింది టీచరమ్మ. ఆ మాట చాలా రోజులు బడంతా చెప్పుకున్నారు. ఆమె కూడా ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఒకటి రెండుసార్లు చెప్పుకుంది.

సొంత పిల్ల కాగితం సొంత తల్లి చూడకూడదన్నదీ ఆమె పెట్టుకున్న నియమమే. అందుకే పిట్టను డ్రాయింగు మాస్టారికి అప్పగించింది. ఆయన సోమవారం పిట్టతో కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నమే వరండాలో టీచరమ్మకు ఎదురొచ్చి, “మేడమ్, శుక్రవారం లోపల ఒకసారి అమ్మాయితో తీరిగ్గా కూర్చోండి,” అన్నాడు. ఇంకేం చెప్పకుండా వెళ్ళిపోయాడు. చల్లకొచ్చి ముంత దాచినట్టు ఆ అరమాట ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. ఆ సాయంత్రమే కూతుర్ని ‘ఏం రాశావు?’ అని అడిగింది. రాత్రి భోజనాల దగ్గర అడిగింది. మర్నాడు జడ వేస్తూ అడిగింది. అడిగిన కొద్దీ పిట్ట నోరు మూసుకుపోయింది.

ఇవాళ బడికి వెళ్ళగానే టీచరమ్మ తిన్నగా డ్రాయింగు గదికి నడిచింది.

మాస్టారు కుంచెలు కడుగుతున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గోళ్ళలో ఎప్పుడూ రంగు ఉంటుంది. మాట అడిగితే ముందు చెయ్యి తుడుచుకుని, తర్వాత జవాబు చెబుతాడు. ఆ ఆలస్యం టీచరమ్మకు ఇదివరకు పద్ధతిగా అనిపించేది. ఇప్పుడు ఏదో కల్పించుకుంటున్నాడనిపించింది.

“మాస్టారూ, సూటిగా అడుగుతున్నా. నా కూతురికి ఏదైనా ప్రమాదం ఉందా?”

“లేదు మేడమ్. ఉంటే మీకు చెప్పాలన్నది కూడా మన రూలేగా. చెప్పేవాణ్ణి.”

“ఎవరైనా కుర్రాడా?”

ఆయన నవ్వాడు. “కాదు.”

“మరి కూర్చోమని ఎందుకన్నారు?”

“అమ్మాయి మీకు చెప్పాలనుకుంటోంది కాబట్టి. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆగింది. మీరు కాస్త ఊరుకుంటే తనే చెబుతుంది.”

“ఊరుకోవడమా? మీరేం చెప్పారు దానికి?”

“నేనేమీ చెప్పలేదు. వింటే సరిపోయింది.”

ఆ మాటకు టీచరమ్మ మనసు చివుక్కుమంది. వినడం తన విద్య. పదకొండేళ్ళుగా ఊళ్ళో పిల్లలందరి మాటా విన్నది తను. రెండేళ్ళ కిందట వచ్చిన మనిషి తన కూతురి మాట విన్నానని తనకే చెబుతున్నాడు.

అప్పుడు ఆమె కళ్ళు గోడ మీద పడ్డాయి. పిల్లల బొమ్మల వరసలో మూడోది పిట్టది. మూల సంతకం ఉంది. నల్ల పెన్సిలుతో నిలువునా లోతుగా ఒక చీకటి గొయ్యి. పైనుంచి నాలుగు తాళ్ళు వేలాడుతున్నాయి. అడుగున ఎక్కడో ఒక చిన్న వెలుగు చుక్క.

“ఆ బొమ్మ ఏమిటి?”

“అదీ అమ్మాయినే అడగండి.”

“ఆ తాళ్ళేమిటి మాస్టారూ?”

ఆయన చెయ్యి తుడుచుకున్నాడు. గంట కొట్టారు. ఆరో తరగతి పిల్లలు గుంపుగా లోపలికి తోసుకొచ్చారు. టీచరమ్మ వాళ్ళ మధ్యనుంచి బయటపడింది. కాళ్ళు తన గది వైపు నడుస్తున్నాయి గానీ మనసు ఆ తాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

*

ఆమె గది ఒకప్పుడు లాబొరేటరీ సామాన్లు పెట్టుకునే కొట్టు. కిటికీ ముందు బల్ల, మూల స్టీలు బీరువా, గోడ పక్కన కరెంటు కెటిలు. ఏడ్చిన పిల్లలకు టీ పెట్టి ఇవ్వడం ఆమెకు అలవాటు.

తలుపు దగ్గరగా వేసింది. బీరువా తెరిచింది. పై అరలో నలభై రెండు కవర్లు వరసగా ఉన్నాయి. పిట్టది పదిహేడోది. మీద అడ్డంగా సంతకం. చివర చిన్న తోక తిప్పి రాసింది, చిన్నప్పట్నుంచీ అదే తోక.

‘ప్రమాదం లేదని ఆయనన్నాడు. ఆయనకేం తెలుసు? తల్లా ఆయన?’ అనుకుంది.

‘తల్లివైతే అడుగు. తెరవకు,’ అని ఆమే అనుకుంది. వేరే తల్లి ఎవరైనా ఈ గదిలో కూర్చుని ఉంటే ఆ మాటే చెప్పి పంపేది.

‘ఆ తాళ్ళు...’

ఆమె కెటిలు మీట నొక్కింది. బళ్ళో కవర్లు మైదాపిండి ఉడికించిన జిగురుతో అంటిస్తారు. ఆవిరి తగిలితే రెండు నిమిషాల్లో ఊడొస్తుంది. ఈ సంగతి ఆమెకు తెలుసు, ఎందుకంటే తల్లిదండ్రులు ఎవరైనా ఇలా తెరవగలరేమోనని మొదటి ఏడాది ఆమే పరీక్షించి చూసింది. బీరువా తన గదిలో ఉండగా ఆ భయం అక్కర్లేదని అప్పుడు ధైర్యపడింది. కంచే చేను మేస్తుందని అప్పుడు తోచలేదు.

కవరు సంతకం చెదరకుండా తెరుచుకుంది. లోపల ఒకే కాగితం, మూడు మడతలు. పిట్ట గుండ్రటి చేతిరాత.

‘ఐదున్నరకు లేస్తాను. గది చిన్నదే, కానీ కిటికీ తూర్పుకి ఉంది. ఏడింటికి పనిముట్ల సంచి తీసుకుని బయల్దేరతాను. నేను లిఫ్టులు బాగుచేస్తాను. పదకొండో అంతస్తులో ఒక లిఫ్టు ఆగిపోయింది. లోపల ఒక ముసలాయన ఉన్నాడు. నేను తలుపు ఇవతల కూర్చుని, భయపడకండి తాతగారూ, ఇక్కడే ఉన్నాను అంటాను. ఆయన తన మనవడి సంగతి చెబుతాడు. నేను తాళ్ళు చూసి, మోటారు చూసి, ఇరవై నిమిషాల్లో దింపుతాను...’

టీచరమ్మకు నవ్వొచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు కూడా వచ్చాయి. తాళ్ళు లిఫ్టువి! గొయ్యి లిఫ్టు దిగే దారి! ఆ వెలుగు చుక్క పిట్ట చేతిలోని దీపం! అక్కడితో ఆపి కాగితం మడిచేసి ఉంటే, ఆ తప్పును తల్లి భయం కింద దేవుడు రాసుకునేవాడు.

ఆమె ఆపలేదు.

‘మధ్యాహ్నం మేడ మీద మిషన్ గది పక్కన నీడలో కూర్చుని ఒక్కదాన్నే భోంచేస్తాను. ఎవరూ ఏమీ అడగరు. అది నాకు చాలా ఇష్టం. సాయంత్రం నాన్నకు ఫోన్ చేస్తాను. నానమ్మ మందులు వేసుకుందో లేదో కనుక్కోమని నాన్నకు చెబుతాను. తొమ్మిదింటికి దీపం ఆర్పేస్తాను.’

పేజీ అయిపోయింది. ఆమె మళ్ళీ మొదటినుంచి చదివింది. ఈసారి వెతుకుతూ చదివింది. నాన్న రెండుసార్లు ఉన్నాడు. నానమ్మ ఒకసారి. ఊరూ పేరూ తెలియని ఆ ముసలాయన నాలుగు వాక్యాల్లో ఉన్నాడు. అమ్మ ఎక్కడా లేదు.

ఎవరూ ఏమీ అడగరు. అది నాకు చాలా ఇష్టం.

వరండాలో అడుగుల చప్పుడైంది. కాగితం మడిచి లోపలికి తోసి, తడి జిగురు మీద బొటనవేలితో గట్టిగా నొక్కింది. కవరు అరలో పెట్టి బీరువా మూస్తుండగా తలుపు తోసుకుని డ్రాయింగు మాస్టారు వచ్చాడు.

“సారీ మేడమ్. ఇందాక మాట మధ్యలో ఆగిపోయింది. ఆ బొమ్మ గురించి మీరు కంగారు పడ్డట్టున్నారు. అందులో భయపడాల్సిందేమీ లేదు. అంతవరకు చెప్పొచ్చనిపించి వచ్చాను.”

“అబ్బే, కంగారేం లేదు.”

కెటిలు ఇంకా మరుగుతూనే ఉంది. గదిలో ఆవిరి కమ్ముకుంది.

“టీ పెట్టుకుంటున్నారా?” అన్నాడాయన.

“ఆఁ.”

ఆయన కెటిలు వైపు చూశాడు. పక్కన కప్పు లేదు, టీ పొడి డబ్బా లేదు. బీరువా వైపు కూడా ఒకసారి చూశాడు. చేతులు పొడిగానే ఉన్నా తుడుచుకున్నాడు.

“వస్తాను మేడమ్,” అని వెళ్ళిపోయాడు.

*

సాయంత్రం ఆరింటికి నలుగురూ ముందు గదిలో కూర్చున్నారు. పిలిచింది పిట్టే. తనిఖీ ఆయన ఆఫీసు చొక్కా కూడా మార్చలేదు. పెద్దావిడ కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది. టీచరమ్మ చివరి కుర్చీలో కూర్చుంది. దొంగకు తేలు కుట్టినట్టుంది ఆమె పని. నొప్పి తెలుస్తోంది, అరవడానికి లేదు.

“నాన్నా, నాకు లిఫ్టుల పని నేర్చుకోవాలని ఉంది,” అంది పిట్ట.

“లిఫ్టులా?”

“బిగించడం, బాగుచెయ్యడం. రెండేళ్ళ కోర్సు. తర్వాత ఏడాది పని చేస్తూ నేర్చుకోవాలి. మన ఊళ్ళో లేదు. రైల్లో ఒక రాత్రి, ఒక పగలు వెళ్ళాలి. హాస్టలుంది. ఆడపిల్లలు పోయినేడు ఆరుగురు చేరారు.”

ఒక్క గుక్కలో చెప్పేసింది. నాలుగు రోజులుగా లోపల్లోపల వల్లించుకున్నట్టుంది.

“లిఫ్టంటే కిందికీ పైకీ పోయేదే కదే?” అంది పెద్దావిడ. “దానికి చదువెందుకు? మీట నొక్కితే పోదూ?”

“పోకపోతే, నానమ్మా?”

“మెట్లెక్కుతాం.”

పిట్ట నవ్వింది. నాలుగు రోజుల్లో మొదటిసారి. తనిఖీ ఆయన నవ్వలేదు గానీ ముఖం కాస్త వదులైంది. మిషన్ల మాట వస్తే ఆయనకు ఆసక్తి ఎక్కువ. సెలవు రోజుల్లో కూతుర్ని వెంటబెట్టుకెళ్ళి లారీలు తూచే పెద్ద కాటాలు చూపించింది ఆయనే.

“ఎవరెక్కించారు నీకిది?” అన్నాడు అయినా.

“ఎవరూ ఎక్కించలేదు.”

“ఆ డ్రాయింగాయనా?”

“కాదు నాన్నా.”

“అయితే మీ అమ్మ. నువ్వు సోమవారమే అమ్మతో చెప్పావు. ఇద్దరూ కలిసి నన్ను మెల్లగా...”

“అమ్మకు చెప్పలేదు,” అంది పిట్ట. “అమ్మకు ఇప్పుడే తెలిసింది. కదమ్మా?”

అప్పుడు టీచరమ్మ ఆశ్చర్యపోవాలి. అది ఆమెకూ తెలుసు. కానీ ఆశ్చర్యం సమయానికి రాలేదు. దాని బదులు పొద్దుట్నుంచి గొంతులో అడ్డుపడి ఉన్నది బయటికొచ్చింది.

“నీకు నచ్చితే నేను కాదంటానా? కానీ ఆలోచించుకో. ఎక్కడో మేడ మీద ఎండలో ఒక్కదానివే కూర్చుని నాలుగు మెతుకులు తినే బతుకు, అదేం బతుకే? పలకరించే దిక్కుండదు.”

పిట్ట తల తిప్పి తల్లిని చూసింది.

“మేడ మీద తింటానని ఎవరన్నారు?”

“ఎవరనాలి? లిఫ్టు మిషన్లు మేడ మీదే కదా ఉంటాయి.”

“అవును, మేడ మీదే ఉంటాయి,” అన్నాడు తనిఖీ ఆయన.

“ఒక్కదాన్నే అని ఎవరన్నారు?”

టీచరమ్మ కొంగు సర్దుకుంది. “ఆ పనిలో ఎవరుంటారు తోడు? ఊహించి చెప్పాను.”

పెద్దావిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. పక్క వాటాలో ఎవరో బకెట్లో నీళ్ళు పట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

“అమ్మాయ్,” అంది పెద్దావిడ. “పొద్దున పిల్ల కవరేదో నీ బీరువాలో ఉందన్నావుగా. చదివావా?”

“లేదత్తయ్యా.”

“తెరిచావా?”

“తెరవలేదని చెబుతున్నానుగా! పదకొండేళ్ళలో ఒక్క పిల్ల కవరు ముట్టుకోలేదు నేను. అందరూ కలిసి నన్నెందుకలా చూస్తున్నారు? నేనేం చేశానని?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె గొంతు తనకే ఎక్కువగా వినిపించింది. తనిఖీ ఆయన ఇప్పుడు ముందుకు వంగి కూర్చున్నాడు. అనుమానించడం అలవాటైన మనిషే గానీ, ఈ అనుమానం ఆయనకు ఇష్టంగా లేదు. నాలుగు రోజులుగా భార్యను తప్పు పడుతున్నది ఆమె అన్నీ దాస్తుందని. ఆమె అబద్ధమాడుతుందని ఏనాడూ అనుకోలేదు.

“పోనీలే నానమ్మా,” అంది పిట్ట మెల్లగా. “అమ్మ అబద్ధం చెప్పదు. తెరవలేదంటే తెరవలేదు. నేనే చెబుదామనుకున్నాను. అమ్మ గురించి రాసిందంతా వెనకవైపు ఉంది. అది చదివి వినిపిద్దామని...”

“వెనకవైపా?” టీచరమ్మ కుర్చీలోంచి లేచింది. “అయ్యో, నేను తిప్పి చూడలేదే!”

అన్నాక గానీ ఆమెకు తెలియలేదు, ఏమన్నదో.

బకెట్టు నిండినట్టుంది, పక్క వాటాలో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. పెద్దావిడ ఒళ్ళో కళ్ళజోడు వైపు చూస్తూ కూర్చుంది. టీచరమ్మ నిలబడే ఉంది. మళ్ళీ కూర్చోవాలో, కూతురి దగ్గరికి వెళ్ళాలో ఆమెకు తోచలేదు. సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది. ఆ సిగ్గులోనూ ఆమెకు ఒకటే ఆత్రం. ఆ కాగితం వెనక ఏముంది? తన గురించి పిల్ల ఏం రాసింది?

“పిట్టా...” అంది. “తల్లీ, ఆ బొమ్మలో తాళ్ళు చూసి నేను...”

“వెనక ఏమీ లేదమ్మా,” అంది పిట్ట. “తెల్ల కాగితం.”

గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే టీచరమ్మకు ఏం చెయ్యాలో తెలిసేది. కోపంగా ఉన్న పిల్లల్ని ఆమె ఎందర్నో చూసింది.

పిట్ట సంచిలోంచి ఎంపిక పత్రం తీసింది. బల్ల మీద పరిచి, ముడతలు అరచేత్తో సాపు చేసింది. అడుగున రెండు గళ్ళున్నాయి, ఒకటి తల్లికి, ఒకటి తండ్రికి.

“ఇద్దరిలో ఒకరి సంతకం ఉంటే చాలని బళ్ళో రూలు నాన్నా,” అంది. పత్రాన్ని తండ్రి వైపు జరిపింది. “నువ్వు పెట్టు.”

తనిఖీ ఆయన జేబులోంచి కలం తీశాడు. పత్రం పైనుంచి కిందిదాకా చదివాడు. సంతకం గడి మీద కలం ఆనించి ఆగిపోయాడు. భార్య వైపు చూడలేదు. కూతురి ముఖంలోకి చూశాడు.

“నిజంగా వెనక ఏమీ లేదా?” అని అడిగాడు.

పిట్ట పత్రం అంచు కదలకుండా వేలితో నొక్కి పట్టుకుంది.